బరంపురం బడి వేలంపాటలో పుస్తకాలవాళ్ల సమయం: దేనికి పాడాలి, దేన్ని వదిలేయాలి

బరంపురంలో ఒక తెలుగు మాధ్యమ బడి, గ్రంథాలయం గదికి కప్పు బాగుచేయించుకోవడానికి పూర్వ విద్యార్థుల మధ్య వేలంపాట పెట్టింది. పట్టుచీర, వెండి కుంకుమ భరిణె, గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డున రెండు రాత్రుల బస, ఇలా ఎప్పుడూ ఉండే సరుకు పక్కన ఈసారి కొత్త రకం లాట్లు నాలుగు కనిపించాయి. ఒక ఎడిటరు మీ రాతప్రతిలో 20 పేజీలు చదివి దిద్దుతారు. ఒక ప్రూఫ్‌రీడరు మీ పుస్తకం ప్రూఫులు (అచ్చుకి ముందు తప్పులు చూసుకోవడానికి తీసే పేజీలు) ఒకసారి చూసిపెడతారు. ఒక ఆర్టిస్టు ముఖచిత్రం వేసిస్తారు. ఒక ప్రచురణకర్త మీతో కలిసి భోంచేస్తూ మాట్లాడతారు. నలుగురూ పైసా పుచ్చుకోరు, పాట సొమ్మంతా బడికే.

ఎక్కువ పలికింది భోజనం లాటు. పాడదగ్గది ఎడిటరు లాటు. ఈ తేడా తెలియకుండా పాడితే బడికి డబ్బు చేరుతుంది గానీ పాడినవాళ్ల చేతికి ఏమీ రాదు. మరుసటి ఏడు వాళ్లు చెయ్యెత్తరు.

ఈ పద్ధతి ఇంగ్లీషు పుస్తకాల లోకం నుంచి వచ్చింది. అమెరికాలో బళ్ల కోసం జరిగే వేలాల్లో లిటరరీ ఏజెంటు (రచయిత తరఫున రాతప్రతిని ప్రచురణ సంస్థలకు అమ్మిపెట్టే మనిషి) చేత నాలుగు పేజీలు చదివించుకోవడం, ఎడిటరుతో అరగంట ఫోన్లో మాట్లాడటం కొత్త సంగతి కాదు. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడినప్పుడు బాధితుల కోసం రచయితలు, ఏజెంట్లు, ఎడిటర్లు ఇలాగే ఆన్‌లైన్‌లో వేలం పెట్టారు. అక్కడ దీనికి గిరాకీ ఎందుకంటే, పెద్ద ప్రచురణ సంస్థలు చాలామటుకు ఏజెంటు ద్వారా రాని రాతప్రతిని ముట్టుకోవు. మంచి ఏజెంటేమో పుస్తకం అమ్ముడయ్యాక రచయిత రాబడిలో సాధారణంగా 15 శాతం తీసుకుంటాడు తప్ప చదివినందుకు డబ్బు అడగడు. అంటే డబ్బు పెట్టినా దొరకని మనిషి వేలం రోజున దొరుకుతున్నాడన్నమాట.

తెలుగులో ఏజెంట్ల వ్యవస్థ లేదు. కథల పుస్తకాలు, కవిత్వం చాలావరకు రచయిత సొంత ఖర్చుతోనే అచ్చవుతాయి. డబ్బు పట్టుకెళ్తే శ్రీకాకుళంలోనో విశాఖలోనో అచ్చువేసి కట్టలు కట్టి ఇచ్చేస్తారు. మనకు అచ్చువేసేవాళ్ల కరువు లేదు. అచ్చుకి ముందు పెన్ను పట్టుకుని వాక్యం వాక్యం చదివేవాళ్ల కరువుంది. ఒడిశా వైపున్న తెలుగువాళ్లకి అది మరీ ఎక్కువ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. రాసింది చూపించుకోవడానికి ఊళ్లో తెలుగు మాస్టారు తప్ప ఇంకొకరు కనపడరు. లాట్ల విలువ ఈ లెక్కన కట్టుకోవాలి.

ఎడిటరు లాటు చీటీ మీద ఉన్నది ఇంతే: “20 పేజీల రాతప్రతి పరిశీలన, అభిప్రాయం.” ఇది చాలదు. పేజీ అంటే ఎంత? ఏ4 కాగితం మీద 11 పాయింట్లలో ఒత్తుగా కొడితే 400 మాటలు పడతాయి, 14 పాయింట్లలో వదులుగా కొడితే 250 పట్టడమే గగనం. కాబట్టి మాటల్లో చెప్పాలి, “5,000 మాటల దాకా” అని. అంటే ఒక పెద్ద కథ, లేదా నవలలో మొదటి రెండు అధ్యాయాలు. పరిశీలన అన్నదాన్ని కూడా విడమరచాలి: రాతప్రతి మీదే గుర్తులు, పక్కన వ్యాఖ్యలు, చివర ఒకటి రెండు పేజీల ఉత్తరం, అది చదువుకున్నాక సందేహాలకు అరగంట ఫోను. మంచి ఎడిటరు 5,000 మాటల్ని రెండుసార్లు చదువుతారు, మొదట చేతిలో పెన్ను లేకుండా, తర్వాత పెన్నుతో. గుర్తులు, ఉత్తరం కలుపుకుంటే అయిదారు గంటల పని. సర్కారు పాట కట్టేటప్పుడు బడివాళ్లు ఈ గంటల్ని లెక్కలోకి తీసుకోవాలి. దీన్ని 500 రూపాయల దగ్గర మొదలుపెట్టడం ఆ పనిని తక్కువ చేయడమే.

చేతికొచ్చిన పని మాత్రం బాగుంది. దిద్దిన పేజీ ఒకటి దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. కథ మొదటి పేరా అంతా ఊరు, వాన, కాలవ, బస్టాండు. ఆఖరి రెండు పంక్తుల్లో అమ్మాయి బస్సు దిగుతుంది. ఎడిటరు పై పంక్తుల చుట్టూ పెన్సిలుతో చట్రం గీసి, “బస్సు దిగిన చోట మొదలుపెట్టి చూడండి, వాన తర్వాత రావచ్చు” అని రాశారు. కొట్టెయ్యలేదు, రచయితకే వదిలారు. మంచి ఎడిటరు పద్ధతి అది. “చాలా కోపంగా అరిచాడు” దగ్గర “చాలా కోపంగా” కింద సన్నటి గీత, పక్కన మాటేమీ లేదు. ఆ గీత చాలు. కింది పేరాలో “ఆమె” అన్న ప్రతిచోటా సున్న చుట్టారు. తెలుగులో క్రియే కర్తను పట్టిస్తుంది కాబట్టి చాలాచోట్ల తీసేయొచ్చు, తల్లీ కూతుళ్లిద్దరూ మాట్లాడుకుంటున్న చోట మాత్రం పేరు పెట్టకపోతే ఎవరు ఏడుస్తున్నారో తెలియదు అని పక్కన వివరణ. ఇంగ్లీషు నవలలు ఎక్కువ చదివి తెలుగులో రాసేవాళ్లందరి పేజీల్లోనూ ఈ జబ్బు ఉంటుంది. ఇలాంటిది ఒకసారి ఎవరైనా చూపిస్తే మిగతా 200 పేజీలు రచయితే బాగుచేసుకోగలుగుతారు. 20 పేజీల లాటుకి అసలు విలువ అక్కడుంది.

ఒక్క చోట పొరపాటు జరిగింది. సరిహద్దు జిల్లాల రచయితలందరికీ ఎదురయ్యేదే కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. సంభాషణల్లో “ఏటయినాదే?”, “నానొస్తను”, “ఎలిపోనాడు” అని ఉన్నవాటిని ఎడిటరు వరసగా “ఏమైంది?”, “నేను వస్తాను”, “వెళ్లిపోయాడు” అని మార్చుకుంటూ పోయారు. హైదరాబాదులోనో విజయవాడలోనో పనిచేసేవాళ్ల చెవికి గంజాం, గజపతి జిల్లాల తెలుగు అంతగా పడి ఉండదు, అందుకే కొన్నిటిని టైపు తప్పులనుకున్నారు. గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాలపాటు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. వాడుక భాషకోసం ఆయన పోరాటం మొదలైన ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అటువైపు చేరింది. ఆ చుట్టుపట్ల మనుషులు ఇప్పటికీ మాట్లాడుకునే తెలుగు పుస్తకాల్లోకి రావడమే తక్కువ. వచ్చిన కాస్తనీ సాపు చేసేస్తే ఇక ఎక్కడ మిగులుతుంది?

దీనికి మందు సులువు. రాతప్రతితోపాటు ఒక పేజీ చీటీ పంపాలి. ఎడిటర్లు దాన్ని స్టైల్ షీటు అంటారు. యాస సంభాషణలో మాత్రమే ఉందా, కథనంలో కూడా ఉందా అన్నది మొదటి పంక్తి. తర్వాత ఏ పాత్ర ఎలా మాట్లాడుతుందో: తాత “నాను” అంటాడు, కాలేజీకెళ్లే మనవరాలు ఇంట్లో “నాను”, బయట “నేను” అంటుంది. ఇది రాసి ఉంటే ఎడిటరు యాసని చెరపరు, పైగా మూడో పేజీలో తాత పొరపాటున “నేను” అన్నప్పుడు పట్టుకుంటారు. ఆ తర్వాత ఊళ్ల పేర్లు: బరంపురమా బ్రహ్మపూరా, పర్లాకిమిడా పర్లాఖెముండా, గుణుపురమా గుణుపూరా. ఏదైనా ఫర్వాలేదు, ఒకే పుస్తకంలో రెండూ రాకూడదు. ఒడియా మాటలు తెలుగు లిపిలో ఎలా రాశారో కూడా చేర్చాలి: ఠాకురాణి, పఖాళ. వేలం చీటీలోనే “ప్రాంతపు యాసను దిద్దకూడదు, నిలకడ చూడాలి” అని ఒక్క వాక్యం చేర్చితే బడివాళ్లు రచయితకు ఎంతో మేలు చేసినవాళ్లవుతారు.

రాతప్రతి యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగు అక్షరాల పద్ధతి), వర్డ్ ఫైలుగా వెళ్లాలి. నోటుపుస్తకం పేజీల్ని ఫోన్లో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపితే, చదవడానికి తెరిచి కళ్లు నొప్పులతో మూసేస్తారు. చేతిరాతే ఉంటే ఒక పక్కే రాసి, పంక్తికీ పంక్తికీ మధ్య వేలెడు చోటు వదిలి, జిరాక్సు తీసి పోస్టులో పంపాలి. అసలు ప్రతి ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి.

ప్రూఫ్‌రీడరు లాటుకి పోటీయే లేదు, అతి తక్కువకు పోయింది. పాడినవాళ్లు అదృష్టవంతులు, కాకపోతే దాన్ని ఏ దశలో వాడుకోవాలో తెలిసి ఉండాలి. చాలామంది రాతప్రతి పూర్తికాగానే పంపేస్తారు. అది వృథా. తెలుగు ప్రెస్సుల్లో ఇప్పటికీ “అను” అనే పాత రకం తెలుగు ఫాంట్లతో పేజీలు కట్టేవాళ్లు చాలామంది. యూనికోడ్ ఫైలుని అనులోకి మార్చినప్పుడే కొత్త తప్పులు పుడతాయి. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని పెట్టుకుని నడుస్తాయి కాబట్టి, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటో ఈమెయిలో అర్థంలేని తెలుగు అక్షరాల కుప్పగా మారిపోతుంది. కొటేషన్ గుర్తులు, గీతలు కూడా అంతే. “ఫేస్‌బుక్” లాంటి మాటలో పొల్లు విడిగా నిలవక కింద ఒత్తుగా దిగిపోతుంది. అంటే మార్పిడికి ముందు ఎంత శ్రద్ధగా దిద్దినా సగం పని మళ్లీ చేయాలి. ఈ లాటుని పేజీలు కట్టాక వచ్చే రెండో ప్రూఫుకి అట్టే పెట్టుకోవాలి. మొదటి ప్రూఫు రచయితే చూసి, దిద్దుబాట్లు వేయించి, శుభ్రంగా తీసిన ప్రింటుని ప్రూఫ్‌రీడరుకి ఇవ్వాలి. తెర మీద పీడీఎఫ్ చూసి దిద్దమనకూడదు. ళ-ల, ణ-న, శ-ష-స తేడాలు, దీర్ఘం జారిపోవడం, పంక్తి చివర మాట విరగడం కాగితం మీదే కంటికి ఆనతాయి. దిద్దిన ప్రూఫు డీటీపీ ఆపరేటరు (కంప్యూటర్లో పేజీలు కట్టే మనిషి) దగ్గరికి వెళ్లి వచ్చాక, ప్రతి గుర్తునీ పాత కాగితంతో పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఒక అక్షరం దిద్దబోయి పక్క పంక్తి మాయం చేయడం ఆపరేటర్ల చేతిలో తరచూ జరిగేదే. ఈ పోల్చిచూడటం లాటులో లేదు. ఉండాల్సింది.

ముఖచిత్రం లాటు ఆశపెట్టేది. బొమ్మ బాగుంది కూడా. చిక్కు ఎక్కడంటే, పేజీలెన్నో తేలకముందే బొమ్మ తయారైపోయింది. డెమ్మీ 1/8 సైజు పుస్తకం అట్ట 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు, అంటే దాదాపు 140, 216 మిల్లీమీటర్లు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) మ్యాప్లిథో కాగితం మీద 128 పేజీలంటే 64 ఆకులు, వీపు (ఆకులన్నీ కలిపి అంటించిన పక్క) మందం 6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ముందట్ట, వీపు, వెనకట్ట కలిపి 286, కోతకి నాలుగు వైపులా 3 చొప్పున వదిలితే 292, 222 మిల్లీమీటర్ల బొమ్మ కావాలి. తీరా పుస్తకం 176 పేజీలు తేలితే వీపు 8 మిల్లీమీటర్లవుతుంది. వీపు మీది పేరు ముందట్ట మీదికి వాలుతుంది. పైగా అచ్చు 16 పేజీల ఫారాల్లో నడుస్తుంది. 128 అంటే సరిగ్గా 8 ఫారాలు, 130 అయితే ఆ రెండు పేజీల కోసం ఇంకో కాగితం ఎక్కించాలి. ముందు పేజీలు తేల్చుకుని, కాగితం ఏదో ప్రెస్సుని అడిగి, ఆ తర్వాతే ఆర్టిస్టుని కదిలించాలి. తీసుకునేటప్పుడు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాల) రంగుల్లో ఫైలు, లేయర్లు (బొమ్మలోని పొరలు) విడిగా ఉన్న అసలు ఫైలు రెండూ అడగాలి. వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ అచ్చుకి పనికిరాదు, ఫోన్లో మెరిసే నీలం కాగితం మీద మసకబారుతుంది. ఆ బొమ్మను రెండో ముద్రణకీ పోస్టర్లకీ వాడుకోవచ్చని ఆర్టిస్టు చేత రెండు పంక్తులు రాయించుకోవాలి. ఈ లాటులో ఆ కాగితం లేదు, అడిగితే మాత్రం వెంటనే ఇచ్చారు.

ఇక అందరూ ఎగబడి పాడిన భోజనం. ప్రచురణకర్త మర్యాదస్తులు, ఓపిగ్గా మాట్లాడారు. అయినా ఆ గంటన్నరలో పాడినవాళ్లకి దక్కింది తక్కువ. కారణం ఒక్కటే, ముందుగా ఒక్క పేజీ కూడా వారి చేతిలో పెట్టలేదు. చదవని పుస్తకం గురించి ఎవరైనా “బాగుంటుంది, రాయండి” అంటారు. వారం ముందే ఒక పేజీ సారాంశం, పది పేజీల నమూనా పంపించి, అవి చదివాకే భోజనం అని చీటీలో రాసి ఉంటే ఈ లాటు వేరేగా ఉండేది. “మీ పుస్తకం ప్రచురణకు దారి” అని వేదిక మీద పాట నడిపినవాళ్లు అనడం అంతకన్నా తప్పు. ఆ మాట ప్రచురణకర్త ఇచ్చింది కాదు. వేలంలో అమ్మగలిగింది చదవడం, మాట్లాడటం వరకే. వేసుకుంటారన్న ఆశని అమ్మకూడదు.

ఇలాంటి లాటు పాడినవాళ్లు ముఖస్తుతి కోసం కాకుండా లెక్కల కోసం కూర్చుంటే డబ్బు గిట్టుబాటవుతుంది. ఖర్చు ఎవరిది, ఎన్ని కాపీలు, అమ్మకం లెక్క ఎన్నాళ్లకోసారి చూపిస్తారు, మిగిలిన కాపీలు ఎవరివి, ఇవి అడగాలి. 150 రూపాయల పుస్తకానికి అమ్మేవాళ్ల కమీషను 40 శాతం అనుకుంటే 60 పోతుంది. ముద్రణకి కాపీకి 60 అయిందనుకుంటే 30 మిగులుతుంది. 500 కాపీల్లో 50 ఉచితంగా పంచితే, తక్కిన 450 చివరిదాకా అమ్ముడైనా, ఉచిత కాపీల ముద్రణ ఖర్చు 3,000 తీసేస్తే చేతికొచ్చేది 10,500. డీటీపీ, ప్రూఫులు, బొమ్మ, పోస్టు దీంట్లో లేవు. 2025 మేలో తపాలా శాఖ పెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల లోపు పుస్తకాల ప్యాకెట్టు పన్ను కాక 20 రూపాయలకు పోతుంది. 128 పేజీల పుస్తకం 160 గ్రాముల లోపే తూగుతుంది కాబట్టి ఒక కాపీ హాయిగా పడుతుంది, రెండు పట్టవు.

హక్కుల కాగితం చదవకుండా సంతకం పెట్టకూడదు. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కు రాసివ్వడం కాగితం మీద, సంతకంతోనే చెల్లుతుంది. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పుచ్చుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడకపోతే, కాగితంలో వేరేగా రాసి ఉంటే తప్ప, ఆ హక్కు రచయితకే తిరిగొస్తుంది. ఇవన్నీ తెలిసినవాళ్లతో ప్రచురణకర్తలు కూడా సూటిగా మాట్లాడతారు. ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకాన్నీ గుర్తుపట్టడానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) నంబరు ఇప్పిస్తామని కొందరు దాన్నీ ఒక కానుకలా లాటులో కలుపుతున్నారు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, రచయిత సొంతంగానూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ పాడనక్కర్లేదు.

బడివాళ్లకు రెండు మాటలు. సేవ ఇచ్చేవారి దగ్గర సంతకంతో ఉత్తరం తీసుకోవాలి: ఎన్ని మాటలు, ఏ రకం రచన చదువుతారు, ఎన్నాళ్లలో ఇస్తారు, లాటు ఎప్పటిదాకా చెల్లుతుంది. వంటల పుస్తకం దిద్దే ఎడిటరు దగ్గరికి పద్యకావ్యం వెళ్తే ఇద్దరికీ ఇబ్బందే. గడువు ఆరు నెలలు పెడితే సరిపోతుంది. ఏడాది పెడితే ఎవరూ కదలరు. పాడినవాళ్లు 18 ఏళ్ల లోపు పిల్లలైతే కాగితాల మీద తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. పర్లాకిమిడి నుంచో రాయగడ నుంచో పాడేవాళ్లకి బరంపురం రమ్మనకుండా ఫోన్లోనే పని జరిగేలా చూడాలి, భోజనం లాటు ఒక్కటి తప్ప. పన్ను మినహాయింపు రసీదు ఇస్తామని ప్రకటనలో రాయడం మానుకోవాలి. బదులుగా ఏదో పుచ్చుకుని కట్టిన సొమ్ము విరాళం కిందికి రాదు. విడిగా విరాళం ఇచ్చేవాళ్లకైనా నగదు 2,000 దాటితే మినహాయింపు వర్తించదు కాబట్టి చెక్కో యూపీఐయో తీసుకోవాలి.

పాడాలనుకునేవాళ్లు నెలలు వెనక్కి లెక్కేసుకోవాలి. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలు డిసెంబరు, జనవరిల్లో జరుగుతాయి. అప్పటికి కాపీలు చేతిలో ఉండాలంటే నవంబరు మొదటివారానికి ఫైలు ప్రెస్సుకి చేరాలి. అక్టోబరు ముఖచిత్రానికి, రెండో ప్రూఫుకి పోతుంది. ఆ నెల్లో దసరా సెలవులు పడితే డీటీపీ వాళ్లు దొరకరు. సెప్టెంబరు పేజీలు కట్టడానికి. ఎడిటరు చెప్పినవి చూసి రచయిత తిరగరాసుకోవడానికి కనీసం రెండు నెలలు కావాలి, అంతకుముందు ఎడిటరు చదివి దిద్దడానికి కొంత సమయం. కాబట్టి ఆ 5,000 మాటలు, స్టైల్ షీటుతో సహా, మే నెలాఖరుకి ఎడిటరు చేతిలో ఉండాలి.